మూలపురుషుడికి ముందు ఎవరున్నారు?

కడప, కర్నూలు పల్లెల్లో మూడు నాలుగు తరాలుగా క్రైస్తవంలో ఉన్న ఏ ఇంటికైనా వెళ్ళి మీ వంశం సంగతి చెప్పమని అడగండి. కథ ఒకే వాక్యంతో మొదలవుతుంది. "మా జేజినాయన మొట్టమొదట నమ్మినాడు." ఊరు ఊరంతా ఎదురు తిరిగినా ఆయన నమ్మినాడు, ఆయన నమ్మినాడు కాబట్టి ఇల్లంతా నమ్మింది, ఆయన చదువుకోమన్నాడు కాబట్టి మేమంతా ఇట్లా ఉన్నాం. వినడానికి బాగానే ఉంటుంది. వెట్టిచాకిరీ నుంచి ఒక కుటుంబం తలెత్తుకుని నిలబడిన కథ కాబట్టి గౌరవం కూడా కలుగుతుంది. అయినా నా పేచీ ఆ మొదటి వాక్యంతోనే. అందులో ఒక మగవాడు తప్ప ఇంకెవరూ లేరు.

ఈమధ్య సీమలో చాలా చర్చిలు వందేళ్ళ పండుగలు, నూటయాభై ఏళ్ళ పండుగలు చేసుకుంటున్నాయి. ప్రతి పండుగకూ ఒక ప్రత్యేక సంచిక వేస్తారు. అందులో 'తొలి విశ్వాసుల కుటుంబాలు' అని ఒక భాగం ఉంటుంది. సాహిత్యంలో డాక్టరేటు పూర్తి చేశాక దళిత స్త్రీల జీవిత కథనాల కోసం తిరుగుతూ ఈ సంచికల్ని సేకరించడం మొదలుపెట్టాను. నేను చూసినవాటిలో వంశవృక్షాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. వేరు దగ్గర ఒక పురుషుడు. కొమ్మలుగా కొడుకులు. రెమ్మలుగా కొడుకుల కొడుకులు. భార్యలు ఉంటే 'ధర్మపత్ని' అనే మాట వెనకాల ఉంటారు. కూతుళ్ళు పెళ్ళయ్యి వెళ్ళిపోయారు కాబట్టి చెట్టు మీంచి కూడా వెళ్ళిపోయారు.

దీన్ని మతిమరుపు అని సర్దుకోవడానికి నేను సిద్ధంగా లేను. కుటుంబ చరిత్ర అనేది గోడకు తగిలించుకునే పటం కాదు. అది ఒక దస్తావేజు. ఎవరు ఈ ఇంటివాళ్ళు, ఎవరు కారు, ఎవరి కష్టంతో ఈ ఇల్లు లేచింది, కాబట్టి ఎవరికి ఎంత వస్తుంది అని తేల్చే కాగితం. అందులోంచి ఆడవాళ్ళను తీసేసినప్పుడు పేరు ఒక్కటే పోదు. పేరుతోబాటు పొలం కూడా పోతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ముందు ఆ 'మొట్టమొదట' అనే మాట ఏమిటో చూద్దాం. 1800లో నిజాం ఈ దత్త మండలాలను కంపెనీకి అప్పగించాడు. 1810లో లండన్ మిషనరీ సొసైటీ బళ్ళారిలో పని మొదలుపెట్టింది. 1820ల్లో విలియం హోవెల్ కడపలో ఆ మిషను పని నిలబెట్టాడు. తర్వాత ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాల్లో, అమెరికన్ బాప్టిస్టులు కర్నూలులో పనిచేశారు. మొదట్లో చేరింది కొద్దిమందే. 19వ శతాబ్దం నడిమి నుంచి మాలగేరులు, మాదిగగేరులు కదిలాయి. 1876-78 నాటి ధాత కరువు తర్వాత ఆ కదలిక బాగా పెరిగింది. గేరి పక్కనో, ఊరికి దూరంగానో కొత్త కొట్టాలు లేచాయి. ఒక బడి, ఒక బావి, ఒక ప్రార్థన గుడిసె. కొందరికి కాస్త నేల. మన సంచికలు పదేపదే పొగిడే 'మార్గదర్శకుల' కుటుంబాలు ఇవే.

అయితే ఒక గేరి మొత్తం కదిలినప్పుడు ఏం జరిగి ఉంటుందో మనం ఇంగితంతో ఆలోచించాలి. చచ్చిన గొడ్డును మోయం అన్నారు. జాతరలో డప్పు కొట్టం అన్నారు. ఊరి దేవరకు కట్టే దున్నపోతు పని మాది కాదన్నారు. దానికి ఊరు విధించిన శిక్ష ఏమిటి? కూలికి పిలవకపోవడం, బావి దగ్గరికి రానివ్వకపోవడం, అంగట్లో ఉప్పు కూడా అమ్మకపోవడం. నీళ్ళు తెచ్చేది ఎవరు? కలుపు కూలికి పోయేది ఎవరు? పొయ్యి మీద ఎసరు పెట్టుకుని గింజల కోసం చూసేది ఎవరు? 'నమ్మినాడు' అనే క్రియకు కర్త ఆయన. ఆ క్రియ ఖర్చు భరించింది ఆమె.

సీమలో బసివి ఆచారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొడుకులు లేని ఇంట్లో ఒక కూతుర్ని దేవుడికి వదిలేసేవాళ్ళు. ఆ బిడ్డ ఒళ్ళు ఊరి పెద్దలపాలు. దానికి బదులుగా ఆమెకు కొడుకులాగా తండ్రి ఆస్తి వచ్చేది, తండ్రికి కర్మ చేసే హక్కు వచ్చేది. ఆ ఆచారాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. అది ఆడపిల్లల్ని నిలువునా కాల్చేసిన ఆచారం. కానీ ఒకటి గమనించండి. ఆస్తిలో కూతురి పేరు ఉండాలంటే ఆమె ఒళ్ళు ఇచ్చుకోవాల్సి వచ్చిన నేల ఇది. బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళు కూతుళ్ళను బసివిగా వదలడం మానేశాయి. మంచిదే. మరి ఒళ్ళు అమ్ముకోకుండానే కూతురికి వాటా ఇవ్వాలన్న ఆలోచన ఆ ఇళ్ళకు వచ్చిందా?

'మొట్టమొదటి' మనిషికి కూడా ముందు ఎవరో ఒకరు ఉంటారు. యెర్రగుంట్ల పేరయ్య కథ చూడండి. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం తాలూకాలకు పొరుగున, ఇప్పటి ప్రకాశం జిల్లాలో బాప్టిస్టు మాదిగల ఉద్యమానికి ఆయన్నే ఆద్యుడిగా చెబుతారు. 1866లో ఆయనా, ఆయన భార్యా బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన కథను వివరంగా రాసింది ఒక స్త్రీ, ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ రెండో భార్య. ఆమె 1898లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, స్త్రీల హక్కుల మీద పరిశోధన గ్రంథం అచ్చువేసిన విదుషీమణి. మరుసటి ఏడాదే మాదిగల కథలతో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం తెచ్చింది. స్త్రీవాదానికి తల్లిలాంటి రచయిత్రిని చదివిన మనిషి చెప్పులు కుట్టేవాళ్ళ ఇళ్ళలో కూచుని కథలు రాసుకుందన్నమాట! ఆ పుస్తకం వల్లే మనకొక సంగతి తెలుస్తుంది. క్రైస్తవం తెలియకముందు పేరయ్య రాజయోగం నేర్చుకున్నాడు. ఆ దారిలో ఆయనకు గురువు వీరమ్మ అనే స్త్రీ.

పేరయ్య పేరు మీద ఉపన్యాసాలు ఎన్నో విన్నాను. వీరమ్మ పేరు ఒక్కదాంట్లోనూ వినలేదు. ప్రశ్నించే బుద్ధిని, విగ్రహం లేని దేవుణ్ణి వెతికే అలవాటును ఆ మనిషికి ఇచ్చింది ఒక ఆడమనిషి అయినప్పుడు 'మొట్టమొదట నమ్మినవాడు' అనే పీట మీద ఆయన ఒక్కడే ఎట్లా కూచుంటాడు? వీరమ్మ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం తర్వాత ఆయన మనవరాలు ఈశ్వరమ్మను జనం జ్ఞానిగా కొలిచారు. ఆమె పేరు మీద ఇప్పటికీ మఠం ఉంది. ఆడమనిషిని గురువుగా ఒప్పుకున్న సంప్రదాయం ఈ నేలలో ఉంది. దాన్ని మింగేసింది మన వంశవృక్షం.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డు పల్లె. మా జేజి 1950ల నుంచి ముప్పై ఏళ్ళకు పైగా బైబిలు ఉమెన్‌గా పనిచేసింది. ఊర్లో ఆమెను 'బైబులమ్మ' అనేవాళ్ళు. రోజుకు రెండు మూడు ఊర్లు నడిచేది. వాక్యం చెప్పడం పేరుకే. ఇసుకలో వేలితో అక్షరాలు రాయించడం, కాన్పు కష్టమైతే బండి కట్టించి జమ్మలమడుగు ఆస్పత్రికి తోలుకుపోవడం, తాగొచ్చి కొట్టే మొగుళ్ళ ముందు నిలబడటం, అంతా ఆమె పనే. ఉపదేశికి ఇచ్చే జీతంలో సగం కూడా ఆమెకు ఉండేది కాదు. ఆ సగం లోపు జీతంతోనే మా నాయన, మా చిన్నాయనలు చదువుకున్నారు. మా వంశ చరిత్రను మా చిన్నాయన నలభై పేజీల పుస్తకంగా అచ్చు వేయించాడు. అందులో మా జేజినాయన మీద పదకొండు పేజీలు. మా జేజి మీద ఒక వాక్యం. ఆమె 'భర్తకు తగిన భార్య' అట.

ఆ పుస్తకం చివర ఒక పొలం ప్రస్తావన ఉంది. మిషను కాలంలో మా వాళ్ళకు దక్కిన రెండున్నర ఎకరాల మెట్ట. దాన్ని నలుగురు అన్నదమ్ములు 'సామరస్యంగా' పంచుకున్నారని గర్వంగా రాశాడు. నాకు ఇద్దరు మేనత్తలు ఉన్నారు. వాళ్ళ సంగతి ఆ వాక్యంలో లేదు. కానీ వాళ్ళ సంతకాలు రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నాయి. హక్కు వదులుకున్నట్టు. "అన్నదమ్ములు ఉండంగ నీకేం భయం, సంతకం పెట్టుమ్మా, యాడికి పోతాది" అని పెట్టించుకున్నారు. వానలు లేని ఆ నేలకు అప్పట్లో ధర లేదు. ఇప్పుడు సోలారు పలకల కోసం కౌలు వస్తోంది. అన్నదమ్ముల పిల్లలకు ఏటా డబ్బు పడుతోంది. మా పెద్ద మేనత్త ఎనభై దగ్గర పడి కూడా పల్లెలో మిరపకాయలు తుంచే కూలికి పోతోంది.

చట్టం ఏమంటుంది? ఇక్కడే అసలు విచిత్రం ఉంది. దానికి మన దత్త మండలాల కేసు ఒకటి చెప్పాలి. బళ్ళారిలో మాథ్యూ అబ్రహాం అనే క్రైస్తవుడు ఉండేవాడు. పుట్టుక పరయ కులం. షార్లెట్ ఫాక్స్ అనే ఆంగ్లో-ఇండియన్ స్త్రీని పెళ్ళి చేసుకున్నాడు. సారా వ్యాపారంలో బాగా సంపాదించి 1842లో చనిపోయాడు. తమ్ముడు ఫ్రాన్సిస్ వ్యాపారం చూసుకుంటూ, మాది హిందూ ఉమ్మడి కుటుంబం కాబట్టి ఆస్తిలో నాకు వాటా ఉంది అన్నాడు. షార్లెట్ ఊరుకోలేదు. కోర్టుకెక్కింది. బళ్ళారి నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి లండన్‌కు పోయి 1863లో ప్రివీ కౌన్సిల్ తీర్పుతో అది ముగిసింది. మతం మారినవాళ్ళను పాత హిందూ ఉమ్మడి ఆస్తి నియమం దానంతట అది కట్టిపడేయదని, వాళ్ళు ఎట్లా బతికారన్నదే చూడాలని ఆ తీర్పు చెప్పింది.

అంటే ఏం చూశారు? ఆ ఇంట్లో ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎవరితో సంబంధాలు కలుపుకున్నారు. ఒక విధవ ఆస్తి తేలాలంటే ఆ ఇంటి చరిత్ర మొత్తం సాక్షుల నోట కోర్టులో పలకాల్సి వచ్చింది. కుటుంబ చరిత్ర దస్తావేజు అని నేను అన్నది వాదన కోసం కాదు. మన ప్రాంతంలో అది అక్షరాలా జరిగింది.

ఆ తర్వాత రెండేళ్ళకు, 1865లో భారత వారసత్వ చట్టం వచ్చింది. 1925లో దాన్నే తిరిగి రాశారు. దాని ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుడి ఆస్తిలో కొడుకూ కూతురూ సమానం. భార్యకు మూడో వంతు. తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలకు ఈ హక్కు దక్కడానికి మేరీ రాయ్ 1986 దాకా పోరాడాల్సి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మనకు ఆ అడ్డంకి లేదు. మన హిందూ అక్కచెల్లెళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు రావడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ, దేశమంతటికీ 2005 సవరణ రావాల్సి వచ్చింది. మాలగేరిలో బాప్తిస్మం తీసుకున్న ఇంటి కూతురికి అంతకు నూటయిరవై ఏళ్ళ ముందే చట్టంలో సమాన వాటా ఉంది! మరి ఆ వాటా ఏమైంది?

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దగ్గరకు రావాలి. హిందువులు కానివాళ్ళను షెడ్యూల్డు కులాలుగా గుర్తించబోమని అది చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బి.సి.-సి. ఒక్క శాతం రిజర్వేషను. గుడికి పోతే కులం పోతుందా? మా ఊర్లో క్రైస్తవ మాలలకు శ్మశానం వేరే. హోటల్లో గ్లాసు వేరేగా ఉన్న రోజుల్లో ఎవరూ బాప్తిస్మం అడగలేదు. మూడో పేరాను తీసేయాలన్నది నా స్థిరమైన అభిప్రాయం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను కూడా ఆ మాటే చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్ళకు అట్రాసిటీ చట్టం వర్తించదని ఒక పాస్టరు కేసులో తీర్పు ఇచ్చింది. అంటే దెబ్బ పాత కులానికి, ఫిర్యాదు మాత్రం కొత్త మతానికి.

ఈ అన్యాయం కింద బతకడానికి సీమలో ఇళ్ళకు ఇళ్ళు రెండు పేర్లు పెట్టుకున్నాయి. కాగితం మీద హిందూ మాల, హిందూ మాదిగ. ఆదివారం నాడు క్రైస్తవులు. అందుకు నేను ఏ ఇంటినీ తప్పు పట్టను. అయితే ఈ రెండు పేర్ల బరువు ఎవరి మీద పడిందో చెప్పకుండా ఊరుకోను. విచారణకు రెవెన్యూ వాళ్ళు వస్తున్నారంటే ముందు మారాల్సింది ఆడదాని మొహమే. బొట్టు పెట్టుకో. గోడ మీద యేసు పటం తీసెయ్. వాకిట్లో ముగ్గు వెయ్. మగవాడి నుదురు ఎప్పుడూ ఖాళీయే కాబట్టి అది హిందువుదో క్రైస్తవుడిదో తెలియదు. ఆమె నుదురు మాత్రం సాక్ష్యం.

ఇక పంపకాల రోజు వచ్చినప్పుడు మన అన్నదమ్ముల తెలివి చూడండి. క్రైస్తవ చట్టం ప్రకారం సమాన వాటా అడిగితే "కాగితాల్లో మనం హిందువులం కదమ్మా" అంటారు. సరే, హిందూ చట్టం ప్రకారమే 2005 సవరణ ఉంది కదా, అడుగుదామంటే "మనది క్రైస్తవ కుటుంబం, కోర్టులకు పోవడమేంది, బైబిల్లో ఏం రాసుంది" అంటారు. రెండు పేర్లున్నాయి కాబట్టి అన్నదమ్ములకు రెండు తలుపులు. అక్కచెల్లెళ్ళకు రెండూ మూసిన తలుపులే. ఒక్కో తలుపుకూ కాపలా కాస్తున్నది ఆ వంశ చరిత్రే. అందులో కూతురు లేదు కాబట్టి ఏ చట్టమైనా అడిగేవాళ్ళు లేరు.

ఆడవాళ్ళ సంగతులకు ఆధారాలు లేవు, మిషనరీలు రాసిపెట్టలేదు, మేమేం చేస్తాం అని సంచికల సంపాదకులు అంటారు. ఈ మాట నిజం కాదు. ఆంగ్లికన్ పద్ధతి బాప్తిస్మ రిజిస్టరు ఎవరైనా ఒకసారి తెరిచి చూడండి. బిడ్డ పేరు. తల్లి పేరు, తండ్రి పేరు. ఉండే ఊరు. తండ్రి వృత్తి. తల్లికి అక్కడ పేరుంది. పని లేదు. నూరేళ్ళ కిందటి దొరల గడిలో ఆమెకు పని లేకుండా పోయింది. ఇవాళ్టి మనవాళ్ళ సంచికలో ఆమెకు ఆ పేరు కూడా లేకుండా పోయింది. దొరల కంటే మనం ఒక గడి వెనకబడ్డాం.

వంశ చరిత్రను మతకార్యంగా చేసుకున్న వాళ్ళను చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో మార్మన్లు అనే క్రైస్తవ శాఖ ఉంది. తరిమివేతకు గురై, 1847లో ఎడారిలాంటి ఉటా లోయకు బళ్ళ మీద వలసపోయారు. 1856 నుంచి చేతితోపుడు బళ్ళు లాక్కుంటూ కూడా పోయారు. మన సీమలాగే ఎండిన నేల. కాలవలు తవ్వి ఊర్లు కట్టారు. ఆ తొలి వలస కుటుంబాలను అక్కడ 'పయనీర్లు' అని కొలుస్తారు. చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చని వాళ్ళ నమ్మకం. అందుకు ప్రతి పూర్వీకురాలి పేరూ కావాలి. 1894లోనే వంశావళి సంఘం పెట్టారు. ప్రపంచంలో ఎన్నో దేశాల చర్చి రిజిస్టర్లను ఫిల్ము తీసి దాచారు. తెలుగు నేల మీద వాళ్ళ సంఘం మొదలైంది కూడా ఒక కుటుంబంతోనే. 1978లో సమోవా నుంచి హైదరాబాదు వచ్చిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు తమ బంధువులతోనే మొదలుపెట్టారు.

ఆ సమాజం ఆడవాళ్ళకు స్వర్గం అని చెప్పబోవడం లేదు. 1852 నుంచి 1890 దాకా వాళ్ళు బహుభార్యత్వాన్ని బాహాటంగా పాటించారు. ఒకే పెద్దమనిషి కింద మొదటి భార్య, రెండో భార్య, మూడో భార్య అని అంకెలతో ఉన్న వంశవృక్షాలు అక్కడ ఉన్నాయి. అయితే ఆ అంకెల కింద ఉన్న ఆడవాళ్ళు డైరీలు రాశారు. 1872 నుంచి 1914 దాకా 'ఉమన్స్ ఎక్స్‌పోనెంట్' అనే పత్రిక నడిపారు. 1870లో ఓటు సంపాదించుకున్నారు, 1887లో కేంద్రం దాన్ని లాగేసుకుంటే మళ్ళీ పోరాడి 1896కల్లా తిరిగి తెచ్చుకున్నారు. 1901లో పయనీర్ల కూతుళ్ళే సంఘం పెట్టుకుని ఇంటింటి కథలు కూడబెట్టారు. అందుకే ఇవాళ చరిత్రకారులు ఆ ఇళ్ళలో ఏం జరిగిందో ఆడవాళ్ళ మాటల్లోనే రాయగలుగుతున్నారు. అణచివేత అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ దానికి సాక్షులు మిగిలారు.

వాళ్ళ చరిత్ర నుంచి ఇంకో హెచ్చరిక కూడా తీసుకోవాలి. పయనీరు అనే మాటకు అర్థం ఖాళీ నేల మీద మొదట కాలు పెట్టినవాడని. ఉటా ఖాళీ నేల కాదు. అది యూట్లు, షోషోనీలు బతికిన నేల. మార్మన్ వలసలు పెరిగిన లోయ దగ్గర్లోనే 1863 జనవరి 29న బేర్ నది ఒడ్డున అమెరికా సైన్యం వందల మంది షోషోనీలను చంపింది. వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ఎంత వివరంగా రాసుకున్న కుటుంబ చరిత్రలోనైనా మూలపురుషుణ్ణి నిలబెట్టడానికి ముందున్నవాళ్ళను చెరిపేయడం జరుగుతుంది. అక్కడ చెరిగిపోయింది ఒక జాతి. ఇక్కడ వీరమ్మ, బైబులమ్మ, మేనత్తలు. రెండూ ఒకే కొలత అని నేననడం లేదు. 'మొట్టమొదట' అనే మాట రెండుచోట్లా చేసే పని ఒకటే అంటున్నాను.

ఇప్పుడు పరిస్థితి మారింది కదా, నంద్యాల డయాసిసులోనే 2013లో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్పు అయ్యారు కదా అని కొందరు గుర్తు చేస్తారు. నాకూ ఆ రోజు చాలా సంతోషమైంది. కర్నూలు జిల్లా పల్లెటూరి ఆడబిడ్డ ఆ కుర్చీలో కూచోవడం చిన్న సంగతి కాదు. కానీ ఆమె అంత దూరం రావడానికి ముందు ఎన్ని వందల మంది బైబిలు ఉమెన్లు ఈ ఊర్లన్నీ నడిచారో ఎక్కడైనా రాశారా? 'తొలి మహిళ' అని ఒక్క పేరు చెప్పి పక్కకు తప్పుకోవడం కూడా మూలపురుషుడి కథ లాంటిదే.

సాహిత్య విద్యార్థిగా ఇంకో మాట. హోవెల్ కడపలో పనిచేసిన 1820ల్లోనే అదే కడపలో సి.పి. బ్రౌన్ అనే ఉద్యోగి బంగళాలో పండితుల్ని కూచోబెట్టి వేమన పద్యాలు రాయించాడు. 1829లో అచ్చు వేశాడు. జనం నోట్లో ఉన్నదానికి పండితుల దగ్గర విలువ లేని రోజులవి. ఎవరో ఒకరు ఇది రాసిపెట్టాలి అనుకున్నారు కాబట్టి అది సాహిత్యమైంది, ఇవాళ దాని మీద డాక్టరేట్లు ఇస్తున్నాం. మా జేజి నోట విన్న సంగతులు 'ముసలమ్మ కబుర్లు' ఎందుకయ్యాయి? వాటి విలువ తక్కువై కాదు. వాటికి కలం పట్టుకున్నవాడు ఆమె కొడుకు కాబట్టి.

ఈ పండుగ సంచికలు ఇంకా చాలా రాబోతున్నాయి. వాటి సంపాదకులకు నేను అడిగేది పెద్ద పరిశోధన కాదు. ప్రతి కుటుంబం దగ్గరా నాలుగు ప్రశ్నలు అడగండి. మీ ఇంటి తొలి తల్లి పేరేమిటి? ఆమె చేసిన పని ఏమిటి, దానికి ఎంత జీతం వచ్చింది? మీ ఇంటి కూతుళ్ళు ఎవరు, ఇప్పుడు ఎక్కడున్నారు? మిషను కాలం నాటి నేలలో వాళ్ళకు ఎంత ఇచ్చారు? నాలుగో ప్రశ్నకు జవాబు రాయడానికి సిగ్గుపడితే ఆ గడిని ఖాళీగానే అచ్చు వేయండి. ఖాళీ గడి కూడా చరిత్రే.

అక్కచెల్లెళ్ళకు, మేనత్తలకు చెప్పేది మాత్రం ఒకటే. సంతకం అడిగినప్పుడు ఇంటికి తెచ్చి చదివించుకుని పెట్టండి. ఏ చట్టం కింద అడుగుతున్నారో ముందు వాళ్ళనే చెప్పమనండి. వంశ చరిత్ర పుస్తకం అచ్చుకు పోకముందే అందులో మీ పేరు ఎక్కడుందో చూపించమని అడగండి. అడిగితే ఇల్లు చీలిపోతుందని భయపెడతారు. ఇల్లు ఎప్పుడో చీలింది. చీలిన రెండో ముక్క ఎవరి చేతిలో ఉందో లెక్క అడగడమే మిగిలింది.